కనకాంబగారి విమానం

పైడిరాజు ఏడు నెలలు కూర్చుని చేసిన విమానాన్ని కనకాంబగారు పుచ్చుకోలేదు.

కోప్పడలేదు, వంకా పెట్టలేదు. విమానాన్ని ఒళ్లో పెట్టుకుని, ముక్కు దగ్గర మొదలుపెట్టి రెండు చేతులతో మెల్లగా తడుముతూ వెళ్లారు. పైలట్ కూర్చునే చోటు కిందికి వచ్చేసరికి ఆవిడ చూపుడువేలు ఆగిపోయింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత విమానాన్ని ఎత్తి, ఎదురుగా ఉన్నాడనుకున్న వైపు చాచారు.

"మంచి పనివాడివి బాబూ. ఇది మాత్రం నాకొద్దు. పట్టుకెళ్లు."

ఎందుకో చెప్పలేదు. పైడిరాజూ అడగలేదు. విమానాన్ని మళ్లీ పెట్టెలో పెట్టుకుని, మహారాణిపేట మేడమెట్లు దిగి వచ్చేశాడు.

పైడిరాజు విశాఖపట్నంలో ఓడలు కట్టేచోట డ్రాఫ్ట్స్‌మన్. నలభై రెండేళ్లు. కొలతల విషయంలో ఎంతటివాళ్లు చెప్పినా నమ్మడు, స్కేలు పెట్టి చూసుకోవాల్సిందే. భార్య కొత్త చీర కట్టుకుని ఎలా ఉందని అడిగితే, కుచ్చిళ్లు ఎడమవైపు అరంగుళం ఎత్తుగా ఉన్నాయని చెప్పే రకం. ఆవిడ అడగడం ఎప్పుడో మానేసింది. ఆదివారం వస్తే భీమిలి బస్సెక్కి, మస్తాన్ సాయిబు పాకకి వెళ్లి చెక్క విమానాలు చెయ్యడం నేర్చుకుంటాడు. అలా తొమ్మిదేళ్లు గడిచాయి. ఆ తొమ్మిదేళ్లలో గురువు నోట 'బాగుంది' అన్నమాట ఒక్కసారీ వినలేదు.

ఈ విమానంతో వింటాననుకున్నాడు. అసలు దుఃఖం అక్కడ ఉంది.

కనకాంబగారు పైడిరాజు భార్యకి చిన్నప్పుడు లెక్కలు చెప్పిన టీచరు. ఆవిడ తమ్ముడు శేషగిరి యుద్ధంలో హరికేన్ విమానం నడిపాడు. నలభై నాలుగులో బర్మా సరిహద్దులో పోయాడు. అప్పటికి ఇరవై రెండేళ్లు. విమానం రెక్కకి ఆనుకుని నవ్వుతున్న ఫొటో ఒకటి ఆవిడ దగ్గర ఉంది. రోజూ పొద్దున్నే దాన్ని చూసుకునేవారు. పోయినేడు నీటికాసుల జబ్బుతో ఆవిడకి చూపు పూర్తిగా పోయింది.

"ఫొటో ఇంక నాకు పనికిరాదు బాబూ" అన్నారు ఆవిడ, పైడిరాజుని పిలిపించుకున్నరోజు. "వేళ్లకి అద్దం తగులుతుంది, అంతే. వాడి విమానం చేసిపెట్టు. పట్టుకుని చూసుకుంటాను."

ఫొటోతో పాటు ఒక పాత కవరు కూడా ఇచ్చారు. అందులో శేషగిరి పై అధికారి రాసిన ఉత్తరం ఉంది. విమానం నంబరు అందులో ఉంటుంది చూసుకోమన్నారు. పైడిరాజు నంబరు చూసుకున్నాడు. ఉత్తరం మాత్రం నంబరు దగ్గర ఆగలేదు. అతనూ ఆగలేదు.

ఆవిడ వద్దన్నాక వచ్చిన ఆదివారం భీమిలిలో మంచు ఇంకా విడలేదు. మాఘమాసంలో సముద్రం మీంచి వచ్చి పడవల మధ్య కూర్చుంటే ఎండ ఎక్కేదాకా లేవదది. ఆ మంచులోనే మస్తాన్ సాయిబు పాక ఉంది. పడవలకి రంగులు వెయ్యడం ఆయన బతుకుతెరువు. విమానాలు ఆయన ఇష్టం. పాక దూలాలకి చేపల వలదారాలు కట్టి, చేసినవన్నీ వేలాడదీస్తాడు. గాలి వచ్చినప్పుడు అవి నెమ్మదిగా తిరుగుతాయి. మంచులో దారాలు కనపడవు. ఎక్కడికీ వెళ్లే పనిలేక తీరిగ్గా ఎగురుతున్నట్టుంటాయి. వాటికింద కూర్చుంటే పైడిరాజుకి యార్డూ, ఇల్లూ, వాచీలో టైమూ గుర్తుండవు.

సాయిబు దర్గాకి వెళ్లే మనిషి. కళ్లు మూసుకుని గంటలకొద్దీ కూర్చోగలడు. కానీ శిష్యులకి బోధలు చెయ్యడు. ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే గరుకు కాగితం చేతికిచ్చి రుద్దమంటాడు.

పెట్టె చూడగానే ఆయనకి అర్థమైంది.

"వద్దన్నారా?"

"వద్దన్నారు గురువుగారూ."

"ఏటన్నారు?"

"మంచి పనివాడివి అన్నారు."

సాయిబు నవ్వలేదు. కూర్చోమని చాప చూపించాడు.

పైడిరాజు విమానాన్ని తీసి చాపమీద పెట్టాడు. అంకుడు కర్రతో చేసిన హరికేన్. ఆ రెక్క కొస నుంచి ఈ రెక్క కొసకి మూరెడు పైచిలుకు. అసలు విమానంలో ఇరవైనాలుగో వంతు. పైన ఆకుపచ్చ, మట్టిరంగు పెద్దపెద్ద మచ్చలుగా. తోకవైపు ఒళ్లంతా అసలు విమానానికి గుడ్డ కాబట్టి, ఆ గుడ్డకింద బద్దలు లేచినట్టు కనపడాలని రెండు నెలలు పాటుపడ్డాడు. ఆ సంగతి చెప్పాడు. మట్టిరంగు నాలుగుసార్లు కలిపిన సంగతి చెప్పాడు. తుపాకుల వెనక రెక్కమీద పొగ మరకలు ఎంత పొడుగుండాలో లెక్కగట్టిన సంగతి చెప్పాడు. చెబుతున్నకొద్దీ అతనికి ఉక్రోషం వచ్చింది.

"కూలినచోట చూసి రాసిన తూటా దెబ్బలు కూడా ఉత్తరంలో ఉన్నట్టే పెట్టాను. ఎడమ రెక్కలో మూడు, తోకలో రెండు, పైలట్ సీటు కింద ఒకటి. వెంట్రుకవాసి తేడా లేదు గురువుగారూ. ఇంతకన్నా నిజంగా ఎవరు చేస్తారు?"

సాయిబు లేచి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చాడు. తుడుచుకుని, విమానాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. తొమ్మిదేళ్లలో శిష్యుడి పనిమీద ఆయన చెయ్యి వేసింది లేదు.

ఆయన కళ్లు మూసుకున్నాడు. ముక్కు దగ్గర్నుంచి తడుముతూ వచ్చాడు. ఆవిడ వేలు ఆగినచోటే ఆయన వేలూ ఆగింది.

"నీ చెయ్యి ఇలా ఇయ్యి. కళ్లు మూసుకో."

పైడిరాజు కళ్లు మూసుకున్నాడు. సాయిబు అతని చూపుడువేలు పట్టుకుని ఆ చోట పెట్టి, వదిలేశాడు.

ఆవగింజంత బెజ్జం. ఎర్రగా కాల్చిన సూదితో పొడిచి, అంచులు లోపలికి మడతపడినట్టు తనే చేశాడు. భూతద్దం కింద చూసుకుని మురిసిపోయాడు కూడా. ఇప్పుడు కంటికేమీ లేదు, వేలికిందే ఉంది. వేలు తీసేద్దామనుకున్నాడు, తియ్యలేకపోయాడు. ఆ పలచని చెక్కకి అవతల ఇరవై రెండేళ్ల కుర్రాడు కూర్చుని ఉన్నాడు. రోజూ పొద్దున్నే ఆవిడ దీన్ని ముట్టుకోవాలని తను ఏర్పాటు చేశాడన్నమాట.

కళ్లు తెరిచేసరికి సాయిబు చెక్కపొట్టులో జిగురు కలుపుతున్నాడు. కలిపి, అగ్గిపుల్ల కొసతో ఆ బెజ్జం పూడ్చాడు. తర్వాత రెక్కలోవి. తర్వాత తోకలోవి.

పైడిరాజు సిగ్గుపడ్డాడు గానీ, డ్రాఫ్ట్స్‌మన్ ఊరుకోడు కదా.

"గురువుగారూ, తప్పు చేశాను, ఒప్పుకుంటాను. కానీ అది జరిగిన సంగతే. పూడ్చేస్తే అబద్ధం చెప్పినట్టు కాదా? ఆవిడకి తెలీదా ఏంటి, తమ్ముడు తిరిగి రాలేదని?"

"ఉత్తరం తెచ్చావా?"

తెచ్చాడు. జేబులోనే ఉంది.

"ఎప్పుడు రాసిందది? ఏ పూట?"

పైడిరాజు మడత విప్పి చూశాడు. తేదీ పక్కన టైము కూడా వేసి ఉంది. మిలిటరీవాళ్లు అలాగే వేస్తారు.

"సాయంత్రం. ఆరూ పదికి."

"మనం పొద్దుటి ఇమానం చేద్దాం" అన్నాడు సాయిబు.

గుడ్డకి టర్పెంటైన్ అద్ది, తుపాకుల వెనక పొగ మరకలు తుడిచాడు. శ్రద్ధగా లెక్కగట్టి పూసిన మరకలు నాలుగు రుద్దులకి పోయాయి. తర్వాత పాక మూలన ఉన్న పాత డబ్బా తెరిచి, సన్నటి ఎర్రగుడ్డ పీలిక ఒకటి తీశాడు. బ్లేడుతో దాన్ని బియ్యపుగింజలంత ముక్కలుగా కోశాడు. ఒక ముక్కకి జిగురు రాసి, ఎడమ రెక్క అంచున మొదటి తుపాకి మూతిమీద అంటించి, గోటితో అదిమాడు.

"ఇవేంటి గురువుగారూ?"

సాయిబు రెండో ముక్క తీసి పైడిరాజు చేతిలో పెట్టాడు.

"యుద్ధం రోజుల్లో మన ఎయిరోడ్రోమ్‌లో ఈ పనికే ఉండేవోణ్ణి. పందొమ్మిదేళ్లు నాకు. తుపాకీ గొట్టాల్లోకి మంచు, దుమ్ము పోకుండా ఎర్రగుడ్డ అంటించేవోళ్లం. రెక్కకి ఆరు. గుడ్డ బిగుసుకోడానికి పైన మందు పూస్తే మాగిన అరటిపండు వాసనొచ్చేది. మా పనయ్యేసరికి ఇలాగే మంచు. ఇమానాలన్నీ బొట్టు పెట్టుకున్నట్టు వరసగా నిలబడేవి."

"తర్వాత?"

"తుపాకీ పేలిందా, గుడ్డ సిరిగిపోద్ది. తిరిగొచ్చినవాటికి సాయంత్రం కొత్తది అంటించేవోళ్లం."

పైడిరాజు చేతిలో ముక్కని చూశాడు. తిరిగి రానివాటి గురించి అడగలేదు. వంగి, రెండో తుపాకి మీద అంటించాడు. కొంచెం వంకరగా పడింది. తీసి సరిచేద్దామని గోరు పెట్టాడు.

"ఒగ్గేయ్" అన్నాడు సాయిబు. "మాయీ వంకరే పడేవి."

మొత్తం పన్నెండు. అన్నీ అంటించేసరికి మంచు పలచబడుతోంది. పూడ్చినచోట రంగు వెయ్యడానికి ఇంకో రెండు ఆదివారాలు పట్టింది. అన్నీ అయ్యాక సాయిబు విమానాన్ని తలుపు దగ్గర ఇసకమీద, చక్రాలమీద నిలబెట్టాడు. వెనక తెల్లటి మంచు, సముద్రం చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఇద్దరూ కిందికి వంగి, చెంపలు నేలకి ఆనేంత దగ్గరగా చూశారు. అక్కణ్ణించి చూస్తే అది చిన్నది కాదు. ఎవరో వస్తే ఎక్కించుకుని వెళ్దామని నిలబడి ఉంది. ఎవరూ రావడం లేదు. ఎంతసేపు అలా ఉన్నారో పైడిరాజుకి తెలీదు. కల్లోంచి లేచినట్టు లేచాడు. సాయిబు 'బాగుంది' అన్నాడో లేదో తర్వాత అతనికి గుర్తులేదు. అనే ఉండడు.

మర్నాడు పొద్దున్నే సెలవు పెట్టి మహారాణిపేట వెళ్లాడు. కనకాంబగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. మళ్లీ వచ్చింది పైడిరాజని తెలిసి కొంచెం ముడుచుకున్నారు.

"ఇంకొక్కసారి చూడండమ్మా. నచ్చకపోతే తీసుకెళ్లిపోతాను."

ఆవిడ ఒళ్లో చోటు చేశారు. ముక్కు తడిమారు. పంకా రెక్కలు మూడూ తడిమారు. ఆవిడ వేళ్లు పైలట్ సీటు కిందికి వచ్చాయి, వెతికాయి. నున్నగా ఉంది. ఇంకోసారి వెతికి, ముందుకి వెళ్లాయి. గుడ్డకింద బద్దల్ని ఒక్కొక్కటే దాటి తోక దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, రెక్క అంచు పట్టుకున్నాయి.

"ఇదేమిటి బాబూ? గుడ్డా?"

"గుడ్డేనమ్మా. ఎర్రగుడ్డ. బయల్దేరేముందు తుపాకుల మూతులకి అంటిస్తారు. కాలిస్తే చిరిగిపోతుంది."

ఆవిడ మొదటిదాన్ని గోటి అంచుతో చుట్టూ తడిమి చూశారు. తర్వాత రెండోదాన్ని. లెక్కల టీచరు, ఒక్కటీ వదల్లేదు. ఎడమ రెక్కవి ఆరూ అయ్యాక కుడి రెక్కకి వెళ్లారు. పన్నెండోది కూడా చూసి, దానిమీదే వేలు ఉంచి కూర్చున్నారు.

"ఒక్కటీ చిరగలేదు" అన్నారు.

"లేదమ్మా."

"అయితే పొద్దున్నన్నమాట."

"అవునమ్మా. పొద్దున్న."

కనకాంబగారి మొహం మెల్లగా తేటపడింది. కిటికీ వైపు తిరిగి, అక్కడెవరో అల్లరిపిల్లాడు ఉన్నట్టు కొంచెం విసుక్కున్నారు కూడా.

"వాడింకా కాఫీ తాగి ఉండడు. కాఫీ పడందే గడప దాటే రకం కాదు."

పైడిరాజు జేబులో ఆ ఉత్తరం ఉంది. ఆరూ పదికి రాసింది. అతను ఆవిడ ఒళ్లో ఉన్న విమానాన్ని చూశాడు. వంకరగా అంటుకున్న రెండో గుడ్డముక్కని చూశాడు.

"లేదమ్మా" అన్నాడు. "ఇంకా తాగలేదు."

కనకాంబగారు విమానాన్ని దగ్గరికి లాక్కున్నారు.

"తాగనీ బాబూ. తొందరేముంది."