అప్పలస్వామి చెప్పాల్సిన అధ్యాయం

ప్రశ్న అడిగితే తిన్నగా జవాబు చెప్పే అలవాటు సుభాషిణి గారికి లేదు. యంత్రాల వాడకం పుస్తకాలు రాయడంలో పండిపోయిన మనిషి ఆవిడ. ఆ రోజు శిష్యుడు ధీరజ్ వచ్చి, "మేడమ్, కొత్త మాన్యువల్ ఏ ఫార్మాట్‌లో టైపు చేద్దాం? మార్క్‌డౌన్‌లోనా, ఆస్కీడాక్‌లోనా, లేటెక్‌లోనా? నెల రోజులుగా పోల్చి చూస్తున్నాను, ఎటూ తేలడం లేదు" అన్నాడు. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, తన మొదటి ఉద్యోగం నాటి సంగతి ఎత్తుకున్నారు.

అదొక చక్కెర ఫ్యాక్టరీ. అక్కడ పాకం కాచే అప్పలస్వామి, ఒక చుక్కను రెండు వేళ్ల మధ్య సాగదీసి చూసి, అది చక్కెర పలుకు ఎప్పుడు కడుతుందో చెప్పేసేవాడు. మీటర్లు తప్పినా ఆయన తప్పేవాడు కాదు. చదువు మాత్రం రాదు. ఆయన రిటైరయ్యేలోగా ఆ విద్యను పుస్తకానికి ఎక్కించే పని సుభాషిణి గారి బృందానికి అప్పగించారు.

ఆయన మొదటి రోజే వచ్చి, "నాను సెప్తాను, మీరు రాసుకోండమ్మా" అన్నాడు. వీళ్లేమో ఏ ఫార్మాట్‌లో రాయాలా అని కుస్తీ పడుతున్నారు. ఒకదానిలో పట్టికలు కుదరవు, ఇంకోదానిలో బొమ్మలు నిలవవు. "సోమవారానికి తేలిపోతుంది, అప్పుడు రండి" అని పంపేశారు. ఆయన సోమవారం వచ్చాడు. ఆ పై సోమవారమూ వచ్చాడు. గొంతు బొంగురుపోయి ఉంది. జలుబేమో అనుకున్నారే గాని, ఏమైందని ఒక్కరూ అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుందని ఆవిడే ఒప్పుకున్నారు.

నాలుగు నెలలకు ఫార్మాట్ తేలింది. అధ్యాయాల పేర్లు ముచ్చటగా అమరాయి. కబురు పెడితే అప్పలస్వామి భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. మెడకు కట్టు ఉంది.

"కేన్సరని గొంతు తీసేసినారమ్మా. ఆపరేసనుకి ముందే మీకు సెప్పీయాలని తిరిగినాడు" అంది ఆమె.

'పలుకు కట్టే వేళ' అన్న శీర్షిక కింద కర్సర్ కొట్టుకుంటోంది. ఆయన కుర్చీలో కూర్చొని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెల్లగా విడదీశాడు. అర్థమైందా అన్నట్టు సుభాషిణి గారి ముఖంలోకి చూశాడు. మళ్లీ చేసి చూపించాడు. ఆవిడకు ఏడుపు ఆగలేదు. టైపు చెయ్యడానికి ఒక్క మాటా దొరకలేదు.

ధీరజ్, "మరి, మీరు ఎంచుకున్న ఫార్మాట్ మంచిదేనా మేడమ్?" అని అడిగాడు.

"చాలా మంచిది" అన్నారు సుభాషిణి గారు. "ఆ ఖాళీ అధ్యాయం ఇవాళ్టికీ ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది."