రెక్క చిరిగిన తూనీగ

ఈ కథ నాకు మా మేనత్త బంగారమ్మ చెప్పింది. ఆవిడ ఈ కథలోని పైడమ్మ పక్క మగ్గం మీద నేసిన మనిషి. అందుకని మధ్యలో అడ్డుపడకుండా వినవే బుజ్జీ.

అనగనగా ఒక మగ్గాల ఊళ్ళో పైడమ్మ అనే ఆవిడ ఉండేది. ఆ ఊళ్ళో ఒక ఆచారం. చీర అంచుకి పనికొచ్చే కొత్త రంగుని పువ్వులోనో పురుగులోనో ఎవరు ముందు చూసి చూపిస్తే, ఆ అంచుకి వాళ్ళ పేరే. పిల్లాజెల్లా లేని పైడమ్మకి ఒక అంచు మీదైనా తన పేరు నిలవాలని ఆశ.

ఒకరోజు కాలవగట్టు తుంగ మీద ఒక తూనీగ వాలింది. ఒళ్ళంతా పసుపుముద్ద. కుడి రెక్క కొసన చిన్న చిరుగు. పైడమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. అప్పుడు వెళ్ళి కులపెద్ద అప్పలస్వామికి, తోడికోడలు రత్తాలుకి చెప్పింది. పెద్దాయన "పని తెమిలాక వస్తాలే" అన్నాడు.

ఆయన పని తెమల్లేదు. కొన్నాళ్ళకి పైడమ్మ మళ్ళీ కాలవగట్టుకి వెళ్ళింది. అదే తుంగ, అదే చిరుగు. తూనీగ మాత్రం నారింజపండులా ఉంది.

ఆ తర్వాత ఇంకోసారి వెళ్ళింది. ఈసారి పెద్దాయనా వచ్చాడు, వెనకాలే రత్తాలూ వచ్చింది. తూనీగ పండుమిరపకాయలా ఎర్రగా కూర్చుంది.

"పసుపన్నావు కదమ్మీ?" అన్నాడు పెద్దాయన.

"అదే ఇది పెదనాయనా. వయసొచ్చి రంగు తిరిగింది. రెక్క చిరుగు చూడండి."

రత్తాలు నవ్వింది. "కూరలో వెయ్యాల్సిన పసుపు మా అక్క కంట్లో పడినట్టుంది. నేను ఎప్పుడు చూసినా ఇది ఎరుపే."

నిజానికి రత్తాలు కాలవ వైపు రావడం అదే మొదలు.

పెద్దాయన నేతగాడు. తడిపి రుద్దితే మారే రంగు ఆయన దృష్టిలో దొంగరంగు. చిరుగు వైపు చూడనే లేదు. "రంగు మారలేదమ్మీ, నువ్వే మాట మార్చావు" అనేశాడు. ఎరుపుని ముందు చూసింది రత్తాలేనని, ఎర్ర అంచుకి రత్తాలంచు అని పేరు పెట్టేశాడు.

మరుసటేడు ఇంకో పసుపు తూనీగ వీపు మీద ఎరుపు పాకడం ఆయనే కళ్ళారా చూశాడు. అప్పుడు పైడమ్మ ఇంటికొచ్చి, "నువ్వన్నదే నిజం. కానీ ఆ పేరు జనం నోట పడిపోయింది" అన్నాడు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పైడమ్మ ఒక చీర నేసుకుంది. అంచు పసుపుతో మొదలై, నారింజలోకి తిరిగి, ఎరుపులో ఆగింది. రంగు దిగిపోయిందని ఊరంతా నవ్వింది. పాడె మీద కూడా ఆవిడకి ఆ చీరే కట్టారు. చూడ్డానికొచ్చిన రత్తాలు, అంచు బాగుంది అంది.

కథ కంచి బండెక్కింది,
మనింటి దీపం కొండెక్కింది,
పైడమ్మ పేరే పరాయింట చిక్కింది.

రేపు బట్టలకొట్లో ఎవరైనా రత్తాలంచు అంటే ఊరుకోకు. అది పైడమ్మంచు అని దిద్దు తల్లీ.