తాళం తియ్యని దొంగ

మఠంలో తాటాకు పుస్తకాల పెట్టె మరులయ్య అధీనం. తాళంచెవి అతని మొలతాడుకే ఉంటుంది. పోయిన ఉగాదికి పట్నం భక్తుడొకాయన, పురుగు పట్టకుండా వెయ్యమని పన్నెండు తెల్లటి కలరా ఉండలు తెచ్చిచ్చాడు. మఠానికి అవి కొత్త. మరులయ్యే పెట్టెలో వేసి తాళం పెట్టాడు. ఈ ఉగాదికి తెరిస్తే ఒక్కటీ లేదు.

అంతే, పైకప్పు ఎగిరిపోయేలా అరిచాడు. "బసప్పే! ఆ గది ఊడ్చేది వాడే. మారుతాళం చేయించి ఉంటాడు. వాణ్ణి పంపెయ్యాలి స్వామీ."

బసప్ప వంటవాడు. ఇరవై ఏళ్లుగా ఆ పొయ్యి దగ్గరే ఉన్నాడు. ఆ మాట విని రెండు పంచెలు మూటగట్టి గుమ్మం దగ్గర పెట్టుకున్నాడు. స్వామివారు పొమ్మంటే పోవడానికి అతనికి మరో చోటు లేదు.

"వాటంతటవే పోయాయేమో నాయనా" అన్నారు మఠాధిపతి శాంతలింగస్వామి.

"ఎలా పోతాయి స్వామీ? కరిగితే తడి ఉండాలి. కాలితే మసి ఉండాలి. రెండూ లేవే! చెయ్యి పడకుండా వస్తువు మాయమవుతుందా?"

మరులయ్య తర్కంలో దిట్ట. అదే వచ్చిన చిక్కు.

స్వామి అలాంటి ఉండ ఒకటి తెప్పించి, పలచటి గుడ్డలో కట్టి, మరులయ్య కూర్చుని చదువుకునే కిటికీకి వేలాడదీశారు.

"దీనికి నువ్వే కాపలా. ఇది పోయిన రోజున చెప్పు, బసప్పను పంపేద్దాం."

మండు వేసవి. ఆ కిటికీ దగ్గరికి బసప్ప కాదు గదా, పిల్లి కూడా రాలేదు. అయినా రేగుపండంత ఉండ వారం తిరిగేసరికి చిక్కిపోయింది. తర్వాత శనగగింజంత అయింది. మరులయ్య గుడ్డ విప్పి తడిమి చూశాడు. తడి లేదు, మసి లేదు. ఘాటు మాత్రం గదంతా ఉంది. పంచె విదిలించినా అదే, అన్నం ముద్ద నోటిదాకా తెచ్చినా అదే.

ఓ రోజు పొద్దున చూస్తే ఖాళీ గుడ్డ మిగిలింది.

"దొంగ దొరికాడా?" అని అడిగారు స్వామి.

మరులయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. వంటింటి వైపు నడిచాడు. గుమ్మం దగ్గర మూట అలాగే ఉంది. దాన్ని తీసుకెళ్లి లోపల కొక్కేనికి తగిలించాడు.

పొయ్యి ఊదుతున్న బసప్ప తల తిప్పాడు. "అదేంటయ్యా, మీ ఒంటి నిండా ఆ ఉండల వాసనే!"

"అవును బసప్పా" అన్నాడు మరులయ్య. "దొంగసొత్తు నా దగ్గరే ఉంది."