వెన్నలా తిరిగిన తాళం

ఆ రాజ్యంలో కొత్త వస్తువేదైనా అంగట్లో పెట్టాలంటే, ముందు పన్నెండు మంది దాన్ని పద్నాలుగు రోజులు వాడి, బాగుందని రాజుగారి ముందు చెప్పాలి. కమ్మరి ఈరమ్మ కొత్తరకం తాళం చేసింది.

"వాడి చూసేవాళ్లను నేనే వెతుక్కుంటానయ్యా" అంది.

అంగడి అధికారి భుజంగరాయుడు కుదరదన్నాడు. "మా చుట్టాలున్నారుగా! వాళ్లకివ్వు, లేదా నీ తాళం నీ ఇంట్లోనే పెట్టుకో."

ఈరమ్మ పన్నెండు తాళాలు, తాళంచెవులు ఇచ్చి వెళ్లింది.

గడువు తీరింది. సభలో పన్నెండు మందీ ఒకటే పొగడ్త. "రోజూ వేశాం, తీశాం. వెన్నలా తిరిగింది ప్రభూ!"

ఈరమ్మ కొంగుముడి విప్పి పన్నెండు తాళంచెవులు రాజుగారి ముందు పోసింది.

"అసలువి ఇవి ప్రభూ. వాళ్లకిచ్చినవి మా పాత పెట్టెలవి, ఈ తాళాల్లో తిరగనే తిరగవు."

భుజంగరాయుడు తల దించుకున్నాడు.

"పాలమ్మే నూకాలుకీ అలాగే తిరగని తాళంచెవితో ఒక తాళమిచ్చాను. గంటలో తిరిగొచ్చి, దాన్ని నా గుమ్మంలో విసిరికొట్టి, నోటికొచ్చినట్టు తిట్టిపోయింది. అలా తిట్టేవాళ్లు నాకింకా పదకొండు మంది కావాలి. వెతుక్కోనివ్వండి ప్రభూ!"