నోరు దిగని నాలుగు వరసలు

"పోయిన పెద్దమనిషి చేసిన తప్పు సంస్మరణ సంచికలో వేయాలా, వద్దా?" అని జోగారావు చింతాడ మాస్టారిని అడిగాడు. మా మిల్లు యూనియన్ పత్రికకు అతనే సంపాదకుడు. చనిపోయింది ఢిల్లీలో చక్రం తిప్పిన నాయకుడు. ఎక్కడెక్కడి పత్రికలూ నల్ల అంచులు కట్టి ఏడ్చాయి. వాటినన్నిటినీ జోగారావు కత్తిరించి తెచ్చాడు. మా యూనియన్‌లో అందరికన్నా పెద్దవారైన మాస్టారు వాటిని ముట్టుకోలేదు. ఒక సంగతి చెప్పారు. నేను అక్కడే ఉన్నాను.

ఇరవై రెండేళ్ల వయసులో మాస్టారు ఇదే జనపనార మిల్లు పక్కన, యూనియన్ పాకలో, రోజూ సాయంత్రం పత్రికలు చదివి వినిపించేవారట. వినేవాళ్లలో ఒక్కరికీ చదువు రాదు. యజమాని అంటించిన నోటీసులో నిజమెంతో తేల్చేది కూడా ఆయన నోరే. ఆ నోటిమీద నమ్మకం పోతే యూనియన్ కూలిపోతుంది.

అప్పట్లో ఢిల్లీ మంత్రి ఒకాయన పోయాడు. పనిగంటలు తగ్గించాడని మిల్లు జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. నాలుగు రోజులకు దూరపు పత్రికలు కట్టగా వచ్చాయి. పాక నిండి, జనం కిటికీలు పట్టుకు వేలాడారు. మాస్టారు ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెబుతున్నారు. లండన్ పత్రిక విచారం తెలిపింది. కైరో పత్రిక విచారం తెలిపింది. ఊరి పేరు వినపడ్డప్పుడల్లా పాక ఊగిపోయింది. "మనోడి కోసం దొరలు కూడా ఏడుస్తన్నార్రా!" అని ఎవరో అరిచారు.

ఆఖరున పడమటి తీరపు రేవుపట్నం పత్రిక. అదీ విచారం తెలిపింది. ఆ కిందనే, మంత్రి ఒకప్పుడు తమ రాష్ట్రాన్ని ఏలుతూ సమ్మె చేసిన రేవు కూలీల మీద కాల్పులు జరిపించాడనీ, ఆరుగురు పోయారనీ రాసి, వాళ్ల పేర్లు వేసింది. మాస్టారు అది పైకి చదవకుండా పేజీ తిప్పేశారు.

"ఆగు బాబూ," అంది అసిరమ్మ. మిల్లులో నార వడికే మనిషి. "నీ కళ్లు నాలుగు వరసలు దిగినాయి. నోరు దిగనేదు. ఏటి మింగీసినావు?"

"ఏం లేదమ్మా, ధరల సంగతి."

"ధరలు సదివితే నీ మొగం ఇలగ మాడదు. సదువు!"

చదివారు. పాక భగ్గుమంది. "అబద్దం! సింపీయండి!" అంటూ ఒకడు పత్రిక లాక్కున్నాడు. ఇంకొకడు మాస్టారి చొక్కా పట్టుకున్నాడు: "ఇన్నాళ్లూ ఇంకెన్ని మింగీసినావురా?"

అసిరమ్మ మధ్యలో దూరింది. "ఒగ్గీయండి! ఆ ఊరోళ్లు మంత్రికీ ఏడిసినారు, ఆళ్ల కూలోళ్లకీ ఏడిసినారు. మనకేటి, కన్నీళ్లు కరువా?" తర్వాత మాస్టారి వైపు తిరిగింది. "నీ నోటితో మాకింక పని నేదు. రేపట్నుంచి అచ్చరాలు సెప్పు."

మర్నాడు షిఫ్టు దిగి ముప్పైమంది దాకా నేలమీద కూర్చున్నారు. మాస్టారు పలకమీద 'అ' రాయబోతే అసిరమ్మ ఒప్పుకోలేదు. ముందు ఆ ఆరుగురి పేర్లు రాయమంది. దిద్దడానికి వాళ్లకు తొమ్మిది రోజులు పట్టింది.

జోగారావు కత్తిరింపులు సర్దుకున్నాడు. "అయితే వేయమంటారా, మాస్టారూ?"

"నన్నడుగుతావేంటి? నీ పత్రిక చదివేవాళ్లు ఆ ముప్పైమందిలో ఎవరి మనవలో కనుక్కో," అన్నారు మాస్టారు.