గంజిశాలకు కావలసిన మనిషి

ఒకానొక రాజ్యంలో, వానలు మొహం చాటేసిన రెండో ఏడు, గంజిశాలకు అధికారి కావలసి వచ్చాడు.

ఆ రాజ్యాన్నేలే జయకేసరి మహారాజుకు ఒక గర్వం ఉండేది. మనిషి మొహం చూసి, ఒక్క ప్రశ్న అడిగి, వాడెంతటివాడో తేల్చేస్తానని. "ఈ కన్ను ఒకసారి చూసిందంటే మరిచిపోదు" అనేవాడు. సభ తలలూపేది. తలలూపడం ఆ సభకు బాగా అబ్బిన విద్య.

ఊపనివాడు ఒక్కడే, హాస్యగాడని పేరుపడ్డ వల్లభన్న. నిరుడు అతని అక్క గంజి వరసలో, చేతిలో చిప్పతోనే ప్రాణం విడిచింది. అప్పటి అధికారి గజపాలుడు. ఒడ్డూ పొడుగూ, మెలితిప్పిన మీసం, నగారా లాంటి గొంతు. రాజు ఒక్క చూపులో ఎంచుకున్న మనిషి. గాదెల్లో గింజలు పొరుగు రాజ్యానికి బళ్ళమీద తోలించి, జనానికి గంజి పేరుతో వేడినీళ్ళు పోయించాడు.

దొరికాక రాజు ఉరిశిక్ష వేశాడు. శిక్షపడేవాడి మొహం రాజు చూడకూడదని అక్కడి ఆచారం. అందుకని నల్లగుడ్డ కప్పి నిలబెట్టారు. ఇప్పుడు వాడు చెరసాలలో రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

గాదెల్లో మిగిలినవి మూడు నెలల గింజలు. ఇవీ అలాంటివాడి చేతిలో పడితే వరసలో నిలబడటానికి కూడా ఎవరూ ఉండరని వల్లభన్నకు తెలుసు. అందుకే ఓబులేసు అనే రైతును వెతికి సభకు పంపాడు. నిరుడు ఓబులేసు విత్తనానికి దాచిన జొన్నలు కూడా వండి ఊరికి పోశాడు. గరిటె ముంచిన ప్రతిసారీ అడుగు నుంచి కలిపేవాడు, ముందు నిలబడ్డవాడికీ చివర నిలబడ్డవాడికీ ఒకే గంజి అందాలని. లోటల్లా నత్తి.

"నీలో ఉన్న గొప్ప గుణమేమిటి?" అన్నాడు రాజు.

"ఏ... ఏమీ లేదు ప్రభూ. గ... గంజి కాస్తాను. గింజలు ఎన్నాళ్ళకు సరిపోతాయి ప్రభూ?"

"నన్నే ప్రశ్నిస్తున్నాడు, అదీ నత్తితో" అన్నాడు రాజు. సభ నవ్వింది. ఓబులేసు తలవంచుకుని వెళ్ళిపోయాడు. గింజల సంగతి అడిగినవాడు ఆ రోజు వచ్చిన ఇరవై మందిలో అతనొక్కడే. 

ఆ మధ్యాహ్నమే వల్లభన్న చెరసాలకు వెళ్ళాడు. "గజపాలుణ్ణి రేపు ఒక్క పూట నాకివ్వు. పారిపోతే నా తల తీసుకో" అని కావలి అధికారిని ఒప్పించాడు.

గజపాలుడు అనుమానంగా చూశాడు. "నాకేమిటి లాభం?"

"ప్రాణం దక్కుతుందని మాటివ్వలేను. రెండు పూటలు కడుపునిండా అన్నం పెట్టిస్తాను. రాజుగారి ముందు నిలబడి, పదవికి వచ్చినప్పుడు చెప్పిందే మళ్ళీ చెప్పు."

గజపాలుడికి తన గొంతు మీద నమ్మకం ఎక్కువ. సరేనన్నాడు.

మర్నాడు మీసం తీయించి, జరీ ఉత్తరీయం కప్పి సభలో నిలబెట్టారు. రాజు పైనుంచి కిందికి చూశాడు. "నీలో ఉన్న గొప్ప గుణమేమిటి?"

"మహాప్రభూ, ప్రజల ఆకలి తీరేదాకా నా కంటికి నిద్ర ఉండదు."

గొంతు సభంతా మోగింది. సగం మంది గుర్తుపట్టారు, నోరు విప్పినవాడు లేడు. రాజు సింహాసనం దిగివచ్చి ఉంగరం తొడిగాడు. "ఈ మొహంలో నిజాయితీ రాసిపెట్టి ఉంది. గంజిశాల నీదే."

వల్లభన్న లేచాడు. "ప్రభూ, నిరుటి గంజిశాల నియామకపు పత్రం ఒకసారి చదివించండి."

లేఖకుడు చదివాడు. ప్రజల ఆకలి తీరేదాకా నా కంటికి నిద్ర ఉండదు. దాని కింద రాజుగారి మాట. ఈ మొహంలో నిజాయితీ రాసిపెట్టి ఉంది.

"ఎవరు వీడు?" అన్నాడు రాజు.

"పేరు మీరు అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. గజపాలుడు ప్రభూ. మొహం చూసి పదవి ఇచ్చారు, చూడకుండా ఉరిశిక్ష వేశారు, చూసి మళ్ళీ పదవి ఇచ్చారు. ఈ మధ్యలో గంజి వరసలో నాలుగు వందల మంది పోయారు. వాళ్ళ మొహాలు మీ దాకా రాలేదు."

సభలో ఎవరూ తలూపలేదు. వల్లభన్న మెడ తడుముకున్నాడు, అది ఇంకెంతసేపు ఉంటుందో తెలియక.

రాజు నవ్వాడు. పెద్దగా, ఒంటరిగా, చాలాసేపు నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక మొహంలో నవ్వు లేదు.

"ఉరి అన్నదీ నేనే, ఉంగరం తొడిగిందీ నేనే. ఏ మాట నిలబెట్టుకోమంటావు?"

"రెండూ వద్దు ప్రభూ. వీడిచేత గంజిశాలకు కట్టెలు మోయించండి. గరిటె మాత్రం నిన్నటి నత్తివాడికి ఇవ్వండి."

"ఇస్తాను. మరి నీకేం కావాలి?" అంటూ రాజు మెడలోని హారం తీశాడు.

"నాకు కావలసింది నిరుడే పోయింది" అన్నాడు వల్లభన్న. హారం పుచ్చుకోకుండానే సభ దాటి వెళ్ళాడు.

మర్నాడు గంజిశాల తెరిచారు. గజపాలుడు వంగి కట్టెలు దించుతున్నాడు. వల్లభన్న తన అక్క చిప్ప పట్టుకుని వరసలో అందరికన్నా వెనక నిలబడ్డాడు. ఎండ నడినెత్తికి వచ్చాక వంతు వచ్చింది. ఓబులేసు తలెత్తి ఎవరా అని చూడలేదు. అడుగు నుంచి కలిపి, గరిటెడు పోశాడు.

చిప్పలో వేలు పెట్టి చూశాడు వల్లభన్న. గింజలు తగిలాయి. అక్కడే నేలమీద కూర్చుని, ఏడాదిగా ఆపుకున్న ఏడుపు ఏడ్చాడు.