ఒంటికన్ను నిద్ర

చేపల చెరువు గట్టు మీద ఒక గడ్డివాము. మధ్యాహ్నమైతే దాని నీడలో దుమ్ము కూడా బంగారంలా తేలుతుంది, గాలి కూడా ఆవలిస్తుంది. చుక్కలకోడి రంగమ్మ కాపురం అక్కడే. ఆవిడ పొదిగిన గుడ్లలో ఒకటి బాతుగుడ్డు. బాతులకి పొదిగే ఓపిక తక్కువ కదా, అందుకని ఆ చుట్టుపక్కల బాతుగుడ్లు తెచ్చి కోడికింద పెట్టడం మామూలే. అలా కోడిపిల్లల మధ్యన ఒక బాతుపిల్ల పుట్టింది. పేరు తుంపర.

తుంపర ఎప్పుడూ సగం కలలోనే ఉండేది. చెరువులో మబ్బు నడిచిపోతుంటే తనే నడుస్తున్నట్టు ఉండేది దానికి. ఉన్న భయమల్లా ఒక్కటే. "నువ్వు మా పిల్లవి కాదు పో" అని అమ్మ ఎప్పటికైనా అనేస్తుందేమోనని.

ఒకరోజు నక్క వచ్చింది. మెడలో ఎక్కడో దొరికిన టై.

"ఇంగ్లీషు మీడియం బడి వెనకాల పొదలో పెరిగానమ్మా రంగమ్మా. కిటికీలోంచి జారిన ఇంగ్లీషంతా నా చెవిలోకే. పిల్లలకి నాలుగు ముక్కలు చెప్తాను, వాళ్ళ రాత మారిపోద్ది."

చెరువులో మెడదాకా మునిగి నెమరేస్తున్న గేదె గౌరి తల తిప్పింది. "ఒసే రంగమ్మా, వాడు నక్కే!"

"నక్కయితే ఏంటొదినా, ఇంగ్లీషొచ్చుగా! మనమంటే చెత్త కెలుక్కుని బతికాం. పిల్లలైనా బాగుపడొద్దూ?"

"కంచెని పిలిచి మరీ చేను మేపుతానంటున్నావు. నీ ఇష్టం" అని గౌరి మళ్ళీ నీళ్ళలోకి జారింది.

పాఠం మొదలైంది. "వినండర్రా! సిట్ అంటే కూర్చోడం. జంప్ అంటే ఎగరడం. రన్ అంటే పరిగెత్తడం. కమ్ అంటే రావడం. మాట చెవిలో పడిందా, కాళ్ళలోకి దిగిపోవాలి. ఆగి ఆలోచించారో, ఇంగ్లీషు ఎగిరిపోద్ది!"

పిల్లలు గడ్డిపరకల్లా ఎగిరాయి, కూర్చున్నాయి, పరిగెత్తాయి. గర్వంతో రంగమ్మ ముక్కు నేల మీద ఆనలేదు.

పిల్లలకి ఆ మాటలన్నీ అలవాటయ్యాక నక్క మాస్టారు గొంతు మెత్తగా చేశాడు. "ఇవాళ్టి మాట స్లీప్. స్లీప్ అంటే రెండు కళ్ళూ మూసేసుకుని కదలకుండా పడుకోడం. నేను చెప్పేదాకా తెరవకూడదు."

కోడిపిల్లలు టక్కున వాలిపోయాయి. తుంపరకి మాత్రం ఒక కన్ను మూతపడదే! బాతుల జాతే అంత. గుంపు చివర పడుకున్న బాతు ఒక కంటితో నిద్రపోతుంది, రెండో కంటితో కాపలా కాస్తుంది. ఆ సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. మూసిన కంట్లో మబ్బులు ఈదుతున్నాయి. తెరిచిన కంట్లో మాస్టారు పిల్లల మధ్య అడుగులో అడుగేసుకుంటూ తిరుగుతున్నాడు. అందరికంటే చిన్నదైన కోడిపిల్ల నూక దగ్గర ఆగాడు. వాసన చూశాడు. మూతి నాక్కున్నాడు.

అప్పుడు ఆ కన్ను మాస్టారి కంట పడింది.

"రంగమ్మా! మీ పిల్లలు వజ్రాలమ్మా. ఇదిగో, ఈ బాతొక్కటే మొద్దు. దీనికి చదువు అబ్బదు. రేపు కూడా ఇదే పాఠం. రేపూ కన్ను మూయకపోతే పంపించెయ్యండి."

సాయంత్రం తుంపర అమ్మ పక్కకి జరిగింది. "అమ్మా, మాస్టారు నూకని వాసన చూశారే. చొంగ కారింది."

"అంటే కన్ను తెరిచావన్నమాట! నా పరువు తియ్యకే. రేపు రెండూ మూసుకో."

"మూసుకోకపోతే నేను నీ పిల్లని కానా?"

రంగమ్మ మిగతా పిల్లల్ని రెక్క కిందికి సర్దుకుంది. చెరువు మీద వెలుతురు చల్లబడిపోయింది.

మర్నాడు "స్లీప్!" అనగానే పిల్లలు వాలిపోయాయి. ఎలాగైనా నేర్చుకోవాలని రంగమ్మ కూడా పక్కనే కూర్చుని రెండు కళ్ళూ మూసుకుంది. తుంపర కూడా గట్టిగా మూసుకుంది. కలలో మబ్బు వచ్చి వీపు మీద ఎక్కించుకుంది. పైకి తేలిపోతుంటే, ఎడం కన్ను దానంతటదే తెరుచుకుంది.

నూక మీద నక్క నోరు తెరిచి ఉంది.

అరిస్తే గెంటేస్తారు. అరవకపోతే నూక ఉండదు.

"రన్!" అంది తుంపర, గొంతు చిరిగేలా.

పిల్లలు ఆలోచించలేదు. కళ్ళయినా తెరవకుండా నక్క కాళ్ళ సందుల్లోంచి తలోదిక్కుకి దూసుకుపోయాయి. నక్క పళ్ళ మధ్య గడ్డి మిగిలింది. రంగమ్మ కళ్ళు తెరిచి, సంగతి అర్థమై, ఎగిరి మాస్టారి ముక్కు మీద పొడిచింది. నక్క ఒళ్ళు మండి తుంపర మీదికి ఉరికింది. తుంపర చెరువులోకి జారింది. వెనకే నక్క, టైతో సహా బురదలో గొంతుదాకా.

"కమ్, మాస్టారూ, కమ్!" నీళ్ళ మధ్యలోంచి పిలిచింది తుంపర. "ఆలోచించకండి, ఇంగ్లీషు ఎగిరిపోద్ది!"

గౌరి ఒక్క బుస కొట్టేసరికి మాస్టారు ఎలా పైకొచ్చాడో, ఎటు పోయాడో! టై మాత్రం నీళ్ళలో పెరిగిన తూటికాడకి చిక్కుకుని ఉండిపోయింది.

పొద్దు వాలింది. పిల్లలన్నీ రెక్క కిందికి చేరాయి. తుంపర మాత్రం కాస్త దూరంగా నిలబడింది.

"అక్కడేం చేస్తున్నావే, రా" అంది రంగమ్మ. దగ్గరికి వచ్చాక నెమ్మదిగా అడిగింది, "ఇంతకీ ఆ స్లీప్ అంటే అసలు ఏంటే?"

"నాకు తెలిసిందైతే, ఒక కంటితో కలగనడం, ఒక కంటితో మీ అందర్నీ చూసుకోడం."

రంగమ్మ ఒక కన్ను మూసి చూసింది. రెండోది కూడా మూతపడిపోయింది.

"నువ్వు పడుకో అమ్మా" అంది తుంపర. "నా కన్నొకటి ఉందిగా."

చదువు చెప్పేది ఎవరైనా సరే, ఒక కన్ను తెరుచుకునే వినాలి.